ముహూర్తానికి వెనక్కి నడిచిన కారు

ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసును పట్టపగలు, సన్నాయి మేళం మోగుతుండగా, పురోహితుడి సమక్షంలో, ఒకే ఒక్క చిన్న అడ్డగీతతో కూల్చేసిన మనిషి గురించి మీరు విని ఉండరు. వినకపోవడమే నాకు మంచిదయింది, లేకపోతే ఆ తర్వాత నాకు ఉద్యోగం ఎవరిచ్చేవారు? ఆ మనిషిని నేనే. మా ఇంట్లో వాళ్లు, స్నేహితులు ఈ కథను చెప్పీ చెప్పీ అరగదీశారు. ఒక్కొక్కరి నోట్లో ఒక్కో గోడ అదనంగా కూలుతోంది. అందుకని అసలు దోషి కూడా ఒకసారి చెబితే న్యాయంగా ఉంటుందని మొదలుపెడుతున్నాను. హాయిగా నవ్వండి, ఏమీ అనుకోను. మధ్యలో ఒక్కచోట మాత్రం కాసేపు నవ్వు ఆపాలి. ఎక్కడో నేనే చెబుతాను.

అవి ఎర్రగడ్డలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. హైదరాబాదులో ఏ అద్దె ఇంటి తలుపు తట్టినా లోపల ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉండేవాడు. మోతీనగర్‌లో ఒక తలుపు తడితే నేనుండేవాణ్ణి. పేరు శేషగిరి, ఊరు తణుకు. నా ఉద్యోగం ఏమిటని మా అమ్మ ఫోన్లో అడిగితే చెప్పలేక నీళ్లు నమిలేవాణ్ణి. ఎక్కడో ఒక బ్యాంకు వాళ్ల తెర మీద ఒక గడి ఎర్రగా కనబడాలా, పసుపుగా కనబడాలా అన్నది నేను తేల్చాలి. ఆ బ్యాంకును నేను చూడలేదు, ఆ గడిని చూసి సంతోషించిన మనిషినీ చూడలేదు. జీతానికి లోటు లేదు. కానీ చేత్తో తట్టి ‘ఇది నేను చేశాను’ అని చూపించడానికి నాకంటూ ఒక్క వస్తువు లేదు. సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటే ఆ వెలితి బాగా తెలిసేది.

అలాంటి రోజుల్లో మా ఆఫీసు వార్షికోత్సవానికి దుర్యోధనుడి సింహాసనం కిరాయికి తెమ్మని నన్ను పంపారు. మా టీములో పనిలేకుండా కనిపించేది నేనేనట. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేటవైపు దిగే వాలులో మల్లేశంగారి షెడ్డు ఉండేది. సినిమాలకు సెట్లు కట్టడం, సామాను కిరాయికివ్వడం ఆయన పని. వినయం అనేది ఆయన షెడ్డులో కిరాయికి కూడా దొరకదు. “గీ ఫిల్మ్‌నగర్ల నేను గట్టని కోట లేదు సారు, నేను గూలగొట్టని కోట లేదు,” అని మీసం మీద చెయ్యి వేసుకుని పరిచయం చేసుకున్నాడు.

సింహాసనం వెనకాల దుమ్ముపట్టి ఒక రేసు కారు పడి ఉంది. ఒక్క మనిషి మాత్రమే కూర్చునే రకం. పొడుగాటి ముక్కు, బయటికి కనిపించే నాలుగు చక్రాలు, పైకప్పు లేదు.

“ఇదేంటండీ?” అన్నాను.

“రేసు కారు. మా హీరో దీని మీదనే ప్రపంచ ఛాంపియన్ అయిండు.”

“మరి ఇంజనేదండీ?”

“ఇంజనెందుకు సారు? ముంగట తాడు గట్టి గుంజినం. ఎనకకెళ్లి పొగ ఇడిచినం. మిగిలిందంత ఆయన మొఖంల జూపిచ్చిండు.”

అప్పుడు షెడ్డు లోపలినుంచి ఒకమ్మాయి గొంతు వినిపించింది. “మోటార్ పెడదామంటె ఇంటవా నాయినా? కరెంటు మోటారు పెడితే నిజంగనే ఉరుకుతది.”

ఆ అమ్మాయి మల్లేశంగారి కూతురు రజిత. మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. ఎక్కడ చిన్నకార్ల పందెం పెట్టినా వెళ్లి తోలి వచ్చేది. చెన్నై దగ్గర ట్రాకులో కరెంటుతో నడిచే ఒంటిసీటు కార్లకు పోటీ పెడుతున్నారని, సొంతంగా కట్టుకున్న బండి ఉన్నవాళ్లెవరైనా రావచ్చని గబగబా చెప్పేసింది. ఆ అమ్మాయి కళ్లలో ఉత్సాహం చూసి నాకు బుద్ధి మందగించింది.

“మోటారు పెట్టండి. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ నేను చూసుకుంటా,” అన్నాను.

చూసుకుంటా అన్న మాట ఎంత సులువుగా వస్తుందో చూడండి. ఆ రోజు సింహాసనం ఆఫీసుకు చేరింది కానీ నా మనసు మాత్రం ఆ షెడ్డులోనే ఉండిపోయింది.

తర్వాతి సంగతి ఏమిటంటే, ఛాంపియన్‌గారి కారులో మాకు పనికొచ్చింది ఆకారం ఒక్కటే. కింద చూస్తే చెక్క, మేకులు, పాత ఫ్లెక్సీలు. అంతా విప్పేసి ఇనప గొట్టాలతో చట్రం కట్టాం. మొదటి చట్రాన్ని మల్లేశంగారు కోట కట్టినట్టే కట్టాడు. ఏనుగు ఎక్కినా వంగదు, మోటారుకు మాత్రం కదలదు. రెండోది రజిత గీసింది, అది తేలిగ్గా వచ్చింది. బ్యాటరీలు సీటు వెనక పెడితే ముక్కు పైకి లేచింది, పక్కలకు సర్దితే దిగింది. గొలుసు తెగి ఎగిరి పక్క షెడ్డువాళ్ల దేవేంద్రుడి కిరీటానికి తగిలింది. సీటు సంగతి మాత్రం చెప్పాలి. సెట్లలో కొండలు చెయ్యడానికి పొంగే నురగ వాడతారు కదా, దాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి, పైన రజితను కూర్చోబెట్టారు. నురగ పొంగి, ఆ అమ్మాయి వీపు ఆకారానికి గట్టిపడి సీటైంది. పొంగుతున్నంతసేపూ “నాయినా, గరమైతుంది!” అని ఆమె కేకలు, “కదలకు బిడ్డా, కొండ కరాబైతది!” అని ఆయన కేకలు.

శనివారం, ఆదివారం వస్తే చాలు నేను అక్కడే. చేతులకు గ్రీజు పూసుకుని ఇంటికెళ్తే సబ్బుతో కడగబుద్ధయ్యేది కాదు. పెడల్ తొక్కగానే స్టాండు మీద ఉన్న చక్రం మొదటిసారి గిర్రున తిరిగినప్పుడు నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. అది నేను రాసిన వాక్యానికి తిరిగిన చక్రం. మల్లేశంగారు మాత్రం మోటారుకు చెవి ఆనించి విని పెదవి విరిచాడు.

“సప్పుడేది సారు?”

“కరెంటు బండికి చప్పుడుండదండీ.”

“సప్పుడు లేంది బండెట్లయితది? రేపు పక్కకెళ్లి పోయినా ఎవనికి ఎర్కయితది?”

ఆ మాటను నేను నవ్వి కొట్టిపారేశాను. గుర్తుపెట్టుకోండి.

కారు ఇలా తయారవుతుండగా రజిత చదువు ముగిసి, ఉద్యోగం వచ్చింది. ఏ ఉద్యోగమో చెప్పాలా? అప్పట్లో ఇంకో ఉద్యోగం ఉండేదా? హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్. మల్లేశంగారు వాడంతా లడ్డూలు పంచాడు. సోమవారం చేరాలి. పోటీ ఆ పైవారం. చేరగానే సెలవిచ్చే కంపెనీ భూమ్మీద లేదు. అంటే ఏదో ఒకటే.

“నాయినా, ఉద్యోగం మల్ల దొర్కుతది. గీ పోటీకి పోనియ్యి,” అంది రజిత.

మల్లేశంగారు ఎప్పుడూ లేనిది మెల్లగా మాట్లాడాడు. “నా కోటలన్నీ ఇప్పుడు కంప్యూటర్లనే కడుతుండ్రు బిడ్డా. నాకు మొన్నటేడు ఎన్ని సెట్లు, ఈ ఏడు ఎన్ని సెట్లు? నా చేతుల పనిని గుంజుకున్నదాని దిక్కే నువ్వుండాలె. అప్పుడు నీ పని ఎవడు గుంజుకోడు. శేషగిరి సార్‌ను జూడు, ఏసీల మంచిగ కూసుంటడు. ఆయనకేం ఫికర్?”

నేను ఆయన షెడ్డులో, చెమటలు కక్కుతూ, ఆయన కారు కింద పడుకుని ఉండగానే ఈ మాట అన్నాడు. ఏసీలో కూర్చునే మనిషికి అక్కడేం పనో ఆయనకు తట్టలేదు.  అలాగని ఆయన భయమూ అబద్ధం కాదు.

చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు. ఫిల్మ్‌నగర్‌లో ఏ పనైనా ముహూర్తం లేకుండా మొదలవదు. కొబ్బరికాయ, క్లాప్, పెద్దమనిషి చేత్తో కెమెరా స్విచ్. కారుకీ అలాగే ఆదివారం ముహూర్తం. “పంతులు పెట్టిన ముహూర్తానికి, నలుగురి ముంగట, నిమ్మకాయలు తొక్కి బండి కదిలితే నీ ఇష్టం బిడ్డా. కదల్లేదా, సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పోవాలె. మల్ల ఏడ్వద్దు.” చెన్నై దాకా బండిని మోయడానికి లారీ కావాలి కదా, అది నిర్మాత వీరభద్రరావుగారు ఇస్తానన్నారు, బదులుగా కారు మీద ఆయన కొత్త సినిమా పేరు రాయాలి. సాఫ్ట్‌వేర్ ప్రేమకథ అది. దాని కోసం మల్లేశంగారే షెడ్డు ముందున్న ఖాళీ జాగా చివర ఒక ఆఫీసు సెట్టు కట్టి ఉంచాడు. అద్దాల్లా మెరిసే ప్లాస్టిక్ గోడలు, చెక్క గదులు, ‘మానవ వనరుల విభాగం’ అని బోర్డు. నేను పనిచేసే ఆఫీసుకన్నా బాగుండేది.

ఆ జాగా ఎలా ఉంటుందో ఒక్క ముక్కలో చెప్పనివ్వండి. సన్నగా పొడుగ్గా ఉంటుంది. తూర్పు చివర గేటు, పడమటి చివర ఆ ఆఫీసు.

ఆదివారం పొద్దున షేక్‌పేట నుంచి పంతులుగారు వచ్చారు. కారును చూసి చెప్పులు విడవకుండానే ఆగిపోయారు. “బండి మొహం పడమరకుందేమిటయ్యా? శుభకార్యానికి తూర్పు మొహం ఉండొద్దూ?”

నిజమే. ముందు రోజు గేటులోంచి తోలుకొచ్చి అలాగే ఆపాం. ముక్కు ఆఫీసువైపు ఉంది. రేసు కారుకు వెనక్కి వెళ్లే ఏర్పాటు ఉండదు, ముందుకు వెళ్లడమే దాని పుట్టుక. ఆ సన్న జాగాలో చుట్టూ తిప్పడానికి చోటు లేదు.

మల్లేశంగారు పంచె ఎగ్గట్టాడు. “నలుగురు రాండ్రి, ఎత్తి తిప్పుదాం.”

ఇక్కడ, పాఠకులారా, ఆ నలుగురితో పాటు నేనూ ఒక చెయ్యి వేసి ఉంటే ఈ కథ ఉండేదే కాదు. కానీ నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. బరువులెత్తడం చూస్తే నాకు అవమానంగా ఉండేది.

“ఎందుకండీ ఎత్తడం? రెండు నిమిషాలు ఆగండి. వెనక్కి నడిచేలా చేస్తాను,” అన్నాను.

కారులో నేను రాసిన ఒక వాక్యం ఉంది. పెడల్ ఎంత తొక్కితే మోటారు అంత తిరగాలని దాని అర్థం. దాని ముందు చిన్న అడ్డగీత, అంటే లెక్కల్లో తీసివేత గుర్తు, పెడితే మోటారు వెనక్కి తిరుగుతుంది. అంతే. లాప్‌టాప్‌ను మల్లేశంగారి చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని హారతి పళ్లెంలా పట్టుకుని నిలబడ్డాడు. నేను సీట్లో కూర్చోబోతే అది రజిత వీపుకు పోసిన సీటాయె, నా నడుము సగం బయటే ఉండిపోయింది. అలా వేలాడుతూనే గీత పెట్టి కొంచెం వెనక్కి, గీత తీసి కొంచెం ముందుకు, మళ్లీ గీత పెట్టి వెనక్కి, ఇలా కారును మెల్లగా తిప్పాను. ముక్కు తూర్పుకు వచ్చింది.

“వారెవ్వా సారు!” అన్నాడు మల్లేశంగారు. పంతులుగారు కూడా “విద్య అంటే అదీ,” అన్నారు. ఇంకొక్క జానెడు వెనక్కి పోతే ముగ్గు మధ్యలోకి వస్తుందన్నారు. గీత పెట్టి ఆ జానెడూ వెనక్కి పంపాను. ఇక గీత తీసెయ్యాలి.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సన్నాయి లేచింది. వీరభద్రరావుగారు తెల్లచొక్కాలో దిగారు. వెనక ఒకతను శాలువాలు పట్టుకుని వస్తున్నాడు.

“ఎవరయ్యా ఆ ఇంజనీరు? ఏదీ, ఇటు రా తమ్ముడూ! ఏ ఊరు మనది?”

“తణుకండీ.”

“అద్గదీ! మనోడే! మొహంలో కళ ఉంది, హీరో స్నేహితుడి వేషానికి సరిపోతావయ్యా నువ్వు!”

ఆయన శాలువా విప్పారు. నా జన్మలో అదే మొదటి శాలువా. మా కంపెనీలో ఎంత పనిచేసినా ఒక కాఫీ కప్పు ఇచ్చేవారు, దాని మీద వాళ్ల పేరే ఉండేది. ఫోటోగ్రాఫర్ “సార్, ఇటు చూడండి!” అన్నాడు. మల్లేశంగారి చేతుల్లోంచి లాప్‌టాప్ తీసుకుని టప్పున మూసి చంకలో పెట్టుకుని, భుజాలు చాచి, నేను ఇటు చూశాను.

ఫోటోల మధ్యలో రజిత హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. బండి తిప్పినప్పుడు ఆమె లోపల గ్లవ్స్ వెతుక్కుంటోంది. సీట్లో దిగి, బెల్టు బిగించుకుని, నావైపు చూసి అడిగింది. “అన్నా, అంత మంచిగున్నది గదా? తోలొచ్చా?”

శాలువా లోపలినుంచి చెయ్యి బయటికి తీసి బొటనవేలు పైకి చూపించాను. మహారాజులా చూపించాను. ఆ వేలును ఇప్పటికీ చూసుకుంటే సిగ్గుగా ఉంటుంది.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ పగిలింది. అందరూ కెమెరాలో పడాలని కారు ముందే గుమిగూడారు, మధ్యలో దారి వదిలి, రెండువైపులా. “స్పీడుగా రావాలమ్మా, సినిమా అంటే స్పీడే!” అని వీరభద్రరావుగారు కెమెరా స్విచ్ నొక్కారు. క్లాప్ పడింది. “యాక్షన్!”

రజిత పెడల్ తొక్కింది. కరెంటు మోటారుకు వేడెక్కడం, ఆలోచించుకోవడం ఉండదు, తొక్కితే ఉన్న బలమంతా అప్పుడే ఇచ్చేస్తుంది. మేమంతా ముందుకు దూకే కారు కోసం పక్కకు జరిగి చప్పట్లు మొదలుపెట్టాం. కారు మా కళ్లముందే చిన్నదైపోయింది. చప్పుడు లేదు. సన్నాయి వాయిస్తూనే ఉన్నారు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు, ఊరే ముందుకు జరిగిందేమో అనుకున్నాను. అప్పుడు పడమటి చివర ఫెళఫెళమని చెక్కలు విరిగాయి. అద్దాల గోడ ఒకటి వెనక్కి పడింది, రెండోది దాని మీద పడింది, థర్మకోల్ ముక్కలు గాలిలోకి లేచాయి. చివరగా ‘మానవ వనరుల విభాగం’ ఊగి ఊగి తలకిందులుగా దిగింది.

ఇదిగో, నవ్వు ఆపమన్నది ఇక్కడే. ఆ దుమ్ములో ఏమీ కనబడలేదు. లోపల ఇరవై ఏళ్ల పిల్ల ఉంది. అందరూ ఫోటో పిచ్చితో ముందు నిలబడ్డారు కాబట్టి వెనక ఎవరూ లేరు. ఎవరైనా ఉండి ఉంటే? పరుగెత్తుతుంటే శాలువా కాళ్లకు అడ్డం పడింది. నా ముందు మల్లేశంగారు పరుగెడుతున్నాడు. అంత లావు మనిషి అలా పరుగెత్తగలడని నేను అనుకోలేదు. ఆ కొద్ది దూరంలో నేను మొక్కని దేవుడు లేడు.

దుమ్ములోంచి గ్లవ్ వేసుకున్న చెయ్యి ఒకటి లేచి ఊగింది. బాగానే ఉంది. వెనక్కి పోతోందని తెలియగానే బ్రేకు తొక్కిందట, అందుకే రెండో గది దగ్గర ఆగింది.

ఇక మీరు నవ్వొచ్చు. అక్కడ మాత్రం అరుపులు మొదలయ్యాయి.

“గేరు తప్పేసినవా బిడ్డా?” అని మల్లేశంగారు.

“గేరెక్కడున్నది నాయినా దీనికి!”

“ఆడపిల్లకిచ్చారేంటయ్యా బండి? కంగారుపడిపోయుంటుంది. నా సెట్టు! రేపు షూటింగయ్యా!” అని వీరభద్రరావుగారు.

హెల్మెట్ అద్దం వెనక రజిత మొహం చిన్నబోవడం కనిపించింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ తప్పు ఆ పిల్లదైపోతుంది, రేపటి సోమవారంతో సహా. “ఆ అమ్మాయి తప్పేం లేదండీ! నేనే. నా గీత. తీసెయ్యడం మర్చిపోయాను. శాలువా కప్పారు కదా, మర్చిపోయాను,” అని అరిచాను.

వీరభద్రరావుగారు నన్ను కింది నుంచి పైదాకా చూశారు. “అంటే తమ్ముడూ, నీ సాఫ్ట్‌వేరే నా సాఫ్ట్‌వేర్ ఆఫీసును కూల్చిందంటావ్?”

“అవునండీ.”

“నా శాలువా నాకిచ్చెయ్.”

ఇచ్చేశాను. రజిత హెల్మెట్ తీసింది. జుట్టు నిండా థర్మకోల్. చుట్టూ చూసుకుంది. ఒకపక్క విరిగిన కుర్చీ, ఒకపక్క ఉత్తుత్తి కంప్యూటర్, తల మీద తలకిందులైన బోర్డు. తండ్రి వైపు తిరిగి చాలా మామూలుగా అంది.

“సోమవారం దాక ఎందుకు నాయినా? ఇయ్యాల్నే జాయినైన.”

ముందు నవ్వింది సన్నాయి ఆయన. తర్వాత ఎవరూ ఆగలేదు. మల్లేశంగారు ఒక్కడే నవ్వలేదు. ఆయన మీసం వణుకుతోంది. నవ్వు ఆపుకుంటున్నాడా, ఏడుపు ఆపుకుంటున్నాడా తెలియలేదు.

“మాటంటె మాటే,” అన్నాడు చివరికి. “బండి నడ్వలేదు. ఎనకకు వాయె.”

“నువ్వేమన్నవ్ నాయినా? నిమ్మకాయలు తొక్కి కదిలితే నా ఇష్టమన్నవ్. ముందుకే పోవాలన్నవా?”

తండ్రీకూతుళ్లిద్దరూ పంతులుగారి వైపు చూశారు. ఆయన నింపాదిగా నడుచుకుంటూ ముగ్గు దగ్గరికి వెళ్లి, వంగి, ఒక్కొక్క నిమ్మకాయనూ పరీక్షగా చూశారు. నాలుగూ పచ్చడైపోయి ఉన్నాయి.

“కాయలు నలిగినయి. ముహూర్తం లోపలే నలిగినయి,” అన్నారు పంతులుగారు. “ఏ దిక్కుకు నలగాలన్నది శాస్త్రంలో లేదు మల్లేశం. కార్యం సఫలమే.”

మల్లేశంగారు విరిగిన చెక్కల్లోంచి దారి చేసుకుంటూ కారు దగ్గరికి వెళ్లాడు. కూతురి జుట్టులోంచి థర్మకోల్ ముక్కలు ఒక్కొక్కటే తీశాడు. “దెబ్బ తాకిందా బిడ్డా?”

“లే.”

“భయమైందా?”

“అయింది.”

“మల్ల తోలుతవా?”

“తోలుత.”

“సరే తోలు. గని ముంగటికి తోలు.”

రజిత నా చంకలోంచి లాప్‌టాప్ లాక్కుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. గీతను తనే తీసేసింది, స్టాండు మీదికి వెనక చక్రాలు ఎత్తించి ఎటు తిరుగుతున్నాయో తన కళ్లతో చూసుకుంది. నేను రోజూ ఆఫీసులో ఇతరులకు చెప్పే జాగ్రత్త అదే. తర్వాత ఆ కారు కూలిన ఆఫీసులోంచి బయటికి వచ్చి, మా పక్కనుంచి సర్రున, గాలి చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేకుండా గేటు దాటి, షేక్‌పేట వాలులోకి దిగి కనబడకుండా పోయింది. మల్లేశంగారు ఆ ఖాళీ గేటునే చూస్తూ నిలబడ్డాడు.

“సప్పుడు లేకున్నా బండే సారు,” అన్నాడు నాతో.

లారీ సంగతి వీరభద్రరావుగారు ఒక్కమాటలో తేల్చారు. “ముందు నా ఆఫీసు లేపండి. తర్వాత లారీ.” అందుకని సోమవారం పొద్దున, రజిత చేరాల్సిన రోజున, నేను నా అసలు ఆఫీసుకు జ్వరమని సెలవు చెప్పి, ఉత్తుత్తి ఆఫీసుకు మేకులు కొట్టాను. మధ్యలో మా మేనేజర్ ఫోన్ చేశాడు.

“శేషగిరీ, జ్వరమన్నావు, ఏంటా చప్పుడు?”

“ఆఫీసులో రిపేర్లు సార్,” అనేశాను అలవాటులో.

“ఆఫీసుకొచ్చావా? నీ సీట్లో లేవే?”

“సీటు ఇంకా కట్టలేదు సార్.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ ఏడాది నాకు జీతం పెరగలేదు. కానీ ఒక ఆఫీసులో నేను నా చేత్తో కట్టిన గోడ ఉంది. అదొక్కటే.

పైవారం చెన్నై వెళ్లాం. కారు సంగతి గొప్పగా చెప్పుకోవాలని ఉంది కానీ, మా ముందు వెళ్లినవాళ్లు ఎక్కువ, మా వెనక వచ్చినవాళ్లు తక్కువ. సగం దూరంలో ఒక మలుపు దగ్గర ముందున్న బండి ఒకటి జారి తిరిగింది, దాన్ని తప్పించబోయి మాదీ తిరిగింది. రెండూ ముక్కులు గోడకు ఆనించి ఆగిపోయాయి. రేసు కార్లకు వెనక్కి వెళ్లే ఏర్పాటు ఉండదని చెప్పాను కదా. పక్క బండి కుర్రాడు బెల్టు విప్పి, దిగి, తల పట్టుకుని కూర్చున్నాడు. నేనూ తల పట్టుకున్నాను.

అప్పుడు మా కారు, నిమ్మళంగా, ఒక జానెడు వెనక్కి వచ్చింది. ఇంకో జానెడు వచ్చింది. ముక్కు తిప్పుకుని దారిలో పడి మళ్లీ ముందుకు పోయింది.

నేను నోరు తెరిచి మల్లేశంగారి వైపు చూశాను. ఆయన మీసం మెలేస్తున్నాడు. సెట్టు లేపిన వారంలో రజిత నాకు చెప్పకుండా స్టీరింగు మీద ఒక ఎర్ర స్విచ్ పెట్టుకుంది. నొక్కితే నా గీత వస్తుంది, వదిలితే పోతుంది. మర్చిపోవడానికి వీల్లేదు. ఆ బలంతోనే పందెం పూర్తిచేసి వచ్చింది. చివరి నుంచి మూడో స్థానం. బడా కాలేజీ కుర్రాడి బండి గోడకు ముక్కు ఆనించి ఉండగా, షేక్‌పేట పిల్ల ముగింపు గీత దాటింది. మల్లేశంగారు ఏడ్చాడు, ఈసారి దాచుకోలేదు. నేనూ ఏడ్చాను. రజిత ఇప్పుడు కరెంటు బళ్లు కట్టే చోట పనిచేస్తోంది. ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆమెకు మళ్లీ అక్కర్లేకపోయింది. నేను మాత్రం ఇంకా గడుల రంగులు మారుస్తూనే ఉన్నాను. కానీ ఆ పాత వెలితి కాస్త తగ్గింది.

ఎందుకంటే ఆ రోజు చెన్నైలో కారు దగ్గరికి వెళ్లి ఆ ఎర్ర స్విచ్‌ను చూశాను. కింద రజిత తెల్ల రంగుతో గుండ్రంగా రాసింది: ‘శేషన్న’. అప్పటినుంచి ఆమె కట్టిన ప్రతి బండిలోనూ ఆ స్విచ్ ఉందట, పేరూ అదేనట. ఈ లోకంలో నా పేరు పెట్టుకున్న వస్తువు ఒక్కటుంది. నొక్కితే వెనక్కి పోతుంది.

కాబట్టి ఆ నలిగిన నిమ్మకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: లాప్‌టాప్ తెరిచి ఉండగా ఎవరు ఎంత ప్రేమగా పిలిచినా శాలువా కప్పించుకోను. గీత తీశానని నా కళ్లతో చూసుకోనిదే బొటనవేలు ఎత్తను. నలుగురు కలిసి ఎత్తుదామంటే ఐదో చెయ్యి నాదే వేస్తాను. ఇన్నేళ్లయింది, ఈ ప్రమాణాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. మళ్లీ ఎవరూ నాకు శాలువా కప్పలేదనుకోండి, అది వేరే సంగతి.